త్రోవలో విమానము మారుట



కాజీపేటలోనో బెజవాడలోనో ఒక బండి దిగి మరియొక బండి ఎక్కిన అనుభవము మనలో అనేకులకు కలదు. ఐరోపాలో విమానము మారుటయు నట్టిదే. భేదము మాత్రము మూడు విషయములందున్నది. అచ్చటి భాష మనది కాదు. పెద్ద సామాను మన కంటి యెదుట నుండదు. ఒకటి తప్పినచో వెనువెంటనే మరియొకటి దొరకదు. హైదరాబాదునుండి లండను, ఫ్రాంక్‌ఫర్టు, ఆమ్‌స్టర్‌డాము నగరములకు నేడు తిన్నగా విమానములు పోవుచున్నవి. అమెరికాలోనున్న బిడ్డలను చూడబోవు తలిదండ్రులలో పలువురు ఈ నగరములలో నొకచోట దిగి విమానము మారుచున్నారు. వారిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

మారుచోట విమానము అందునా తప్పునా యనునది చాలవరకు టికెట్టు కొననాడే, మన యింటివద్దనే, తేలిపోవును. టికెట్టు కొనువారు సాధారణముగా పిల్లలు. వారు ధరను చూతురు. తమ నడకనుబట్టి కాలమును లెక్కింతురు. నడువవలసినవారు మీరు. కావున వారు డబ్బు చెల్లింపకముందే మీరు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఇట్లడుగుట చాదస్తము కాదు.

మొదటి ప్రశ్న: టికెట్టు ఒకటియా, రెండా? ఊరినుండి గమ్యమువరకు ఒకే టికెట్టయినచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినప్పుడు మరియొక విమానమునందు పంపు బాధ్యత విమాన కంపెనీదే. సామానునకు సైతము చివరి ఊరి గురుతుతో చీటీ కట్టుదురు. అమెరికాలో మొట్టమొదట దిగినచోట సాధారణముగా పెట్టెలు తీసికొని మరల అప్పగింపవలసి యుండును గాని, ఐరోపాలో వాని జోలికి పోనక్కరలేదు. వేర్వేరుగా కొన్న రెండు టికెట్లయినచో, మొదటి కంపెనీకి రెండవ ప్రయాణముతో సంబంధము లేదు. విమానము తప్పినచో రెండవ టికెట్టు సొమ్ము పోవును. మిగిలిన కొద్ది రూపాయలకొరకు ఇంతటి చిక్కు తెచ్చుకొనరాదు.

రెండవ ప్రశ్న: నడుమ వ్యవధి యెంత? టికెట్టుపై వ్రాసిన గంటలు ఏ ఊరివి ఆ ఊరివే. ఇచ్చట మధ్యాహ్నము 12 గంటలైనప్పుడు ఫ్రాంక్‌ఫర్టులో చలికాలమున ఉదయము 7-30, వేసవియందు 8-30 గంటలు. అచ్చటివారు మార్చి కడపటి ఆదివారమున గడియారమును ఒక గంట ముందునకు జరిపి, అక్టోబరు కడపటి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. కావున దిగు గంటను, మరల ఎక్కు గంటను అచ్చటి కాలముననే పోల్చి చూడవలెను.

ఇక రెండు గంటల వ్యవధి యున్నదనుకొందము. విమానము నేల తాకినంత మాత్రమున చేరినట్లు కాదు. ఆమ్‌స్టర్‌డాము విమానాశ్రయము సముద్రమట్టమునకు దిగువన, 1852 నాటికి నీరు తోడి యెండబెట్టిన యొక పెద్ద సరస్సు అడుగున నున్నది. అచ్చట 2003లో తెరచిన పోల్డర్‌బాన్ అను పరుగుబాటపై దిగిన విమానము ద్వారము చేరుటకు ఒక్కొక్కప్పుడు 10 మొదలు 20 నిమిషములు నేలపైననే పోవును. పిదప వందలమంది వరుసగా దిగవలెను. మన దేశమునుండి పోయినవారికి అచ్చట మరల తనిఖీ కలదు. రెండవ విమానపు గేటును బయలుదేరువేళకు 15, 20 నిమిషములు ముందే మూయుదురు. ఇవన్నియు తీసివేసినచో రెండు గంటలలో ఒక గంటయే నిలుచును. పెద్దవారికి మూడు గంటలకు తక్కువ గాని వ్యవధి యుండుట మేలని నా మనవి.

మూడవ ప్రశ్న: ఐరోపాలో ఎన్ని చోట్ల దిగవలెను? 1985లో లక్సెంబర్గు దేశమందలి షెంగెన్ అను చిన్న గ్రామమున ఐదు దేశములవారు ఒక ఒడంబడిక చేసికొనిరి. నేడు అందు 29 దేశములు కలవు. వీని నడుమ సరిహద్దు తనిఖీ సాధారణముగా నుండదు. లోనికి మొదట అడుగిడినచోటనే పాస్‌పోర్టు చూతురు. ఫ్రాంక్‌ఫర్టులో దిగి అచ్చటినుండియే అమెరికాకు పోవువారు సరిహద్దు దాటనక్కరలేదు. ఫ్రాంక్‌ఫర్టునుండి పారిసుకు పోయి, అచ్చట అమెరికా విమానము ఎక్కవలసినవారు మాత్రము షెంగెన్ దేశములలో ప్రవేశించినట్లే యగును. వారికి ఆ వీసా కావలెను. అది లేనివారిని హైదరాబాదులోనే విమానము ఎక్కనీయరు. చౌక టికెట్టులోని యీ ముడి పైకి కనబడదు. బ్రిటను ఈ ఒడంబడికలో చేరలేదు. దాని నియమములు వేరు. వీసా నియమములు మారుచుండును గనుక, ప్రయాణమునకు ముందు విమాన కంపెనీవారిని అడిగి రూఢి చేసికొనవలెను.

నాలుగవ ప్రశ్న: చక్రాల కుర్చీ వ్రాయించితిరా? నడువగలవారమై యుండి కుర్చీలో కూర్చుండుట చిన్నతనమని మనలో కొందరు తలంతురు. ఐరోపా సమాఖ్యవారు 2006లో చేసిన 1107వ శాసనము ప్రకారము, వయస్సువలననో వ్యాధివలననో నడక తగ్గినవారికి విమానాశ్రయమున ఉచితముగా సాయము చేయవలసి యున్నది. ఇది దయాధర్మము కాదు, హక్కు. 48 గంటలు ముందుగా తెలుపవలెను. అట్లు తెలిపినవారిని ఒక మనిషి వచ్చి తనిఖీ దాటించి రెండవ విమానపు ద్వారమువరకు తీసికొని పోవును. భాష రానివారికి కుర్చీకంటె ఆ మనిషియే గొప్ప యాసరా. దిగునపుడు తొందరపడక, తక్కినవారు దిగువరకు విమానములోనే కూర్చుండి, సాయము అడిగితిమని విమానమందలి పరిచారికలకు మరల చెప్పవలెను.

ఇక అచ్చట దిగిన పిమ్మట మెలగవలసిన తీరును చెప్పెదను. మన రైలు స్టేషనులో బండి వచ్చుచున్నదని పలుమారులు కేక వేయుదురు. ఐరోపాలోని పెక్కు విమానాశ్రయములలో ప్రతి విమానమునకును అట్లు చాటరు. పిలిచెదరుగదా యని కుర్చీలో కునుకు తీసినవారు విమానము పోగొట్టుకొందురు. గోడలపై వ్రేలాడు పెద్ద పలకలపై మీ విమానపు సంఖ్యను, దాని యెదుట గేటు సంఖ్యను చూచుకొనవలెను. గేటు మారుటయు కద్దు. కావున గేటు చేరిన తరువాత సైతము పలకను చూచుచుండవలెను. లండను హీత్రో విమానాశ్రయమున 2, 3, 4, 5 అను సంఖ్యలు గల నాలుగు టెర్మినళ్లున్నవి. విమానము మారువారికి ఊదారంగు పలకలు త్రోవ చూపును. ఇంగ్లీషు చదువనేరనివారు విమాన సంఖ్యను, చేరవలసిన ఊరి పేరును పెద్ద అక్షరములతో ఒక కాగితముపై వ్రాయించుకొని, యూనిఫారము ధరించినవారికి చూపిన చాలును.

చేతిసంచిలో ఏమి యుండవలెననునదియు ముఖ్యమే. ఆవకాయ, నేయి, తేనె మున్నగునవి ద్రవములక్రింద లెక్క. పలుచోట్ల 100 మిల్లీలీటర్లకు మించిన పాత్రను తనిఖీలో తీసివేయుదురు. ఇంటి ఆవకాయ చెత్తబుట్ట పాలగుట చూడలేముగదా! వానిని బాగుగా మూటగట్టి పెద్ద పెట్టెలోనే పెట్టవలెను. మందులు, వైద్యుని చీటీ, శాలువ, ఒకజత బట్టలు, పిల్లల టెలిఫోను సంఖ్య వ్రాసిన కాగితము మాత్రము చేతిలోనే యుండవలెను.

ఇంత చేసియు ఒక్కొక్కప్పుడు మంచువలననో సమ్మెవలననో విమానము తప్పవచ్చును. అప్పుడు మూసిన గేటువద్ద నిలిచి వాదింపక, ఆ కంపెనీవారి బల్లవద్దకు పోయి టికెట్టు చూపవలెను. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన 261వ శాసనము, తన పరిధిలోని ప్రయాణములలో నిలిచిపోయినవారికి భోజనము, అవసరమైనచో రాత్రి బస కల్పింపవలెనని విధించినది. అడుగుటకు సంకోచింపవలదు. షెంగెన్ వీసా లేనివారికి ఊరిలోని హోటలునకు పోవు అనుమతి దొరకకపోవచ్చును. ఆ రాత్రి విమానాశ్రయములోనే గడపవలసి రావచ్చును. మందులును శాలువయు చేతనుండవలెనని చెప్పుట ఇందుకొరకే.

మనుమల ముఖములు చూడవలెనని కోరిక యుండియు, నడుమ దారి తప్పుదుమేమోయను భయముచే ప్రయాణము మానుకొన్న పెద్దలు గ్రామగ్రామమునను కలరు. వారి యెడబాటుకు దూరముకంటె ఆ భయమే పెద్ద కారణము. మీ పిల్లలు టికెట్టు కొనబోవుచున్నామని తెలిపిన దినమున ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. సరియైన జవాబులు వచ్చువరకు సరే యనవలదు.