కొలువు మనది, అనుమతి పరులది

పొట్టకూటికై సముద్రము దాటుట తెలుగువారికి నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. కోరంగి, కాకినాడ, భీమునిపట్నము, కళింగపట్నము రేవులలో ఓడలెక్కి రంగూను చేరినవారి సంతతి నేటికిని గోదావరి, విశాఖ, శ్రీకాకుళ మండలములలో కలదు. బర్మావారు మన కూలీలను “కోరంగీలు” అనియే పిలిచెడివారు. రంగూను రేవున బస్తాలు మోసినవారును, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారును పెక్కుమంది తెలుగువారే. నేడు ఆ మండలముల బిడ్డలే కంప్యూటరు విద్య నేర్చి డల్లాసునకును న్యూజెర్సీకిని పోవుచున్నారు. ఓడ పోయి విమానము వచ్చినది; బస్తా పోయి కంప్యూటరు వచ్చినది. ఒక్కటి మాత్రము మారలేదు. నేర్చిన పని మనది. అది చేయుటకు వలయు అనుమతి పరులది. ఆ అనుమతి ఎట్లు మారుచుండునో, మారునప్పుడు మనమెట్లు మెలగవలెనో, నేను చూచినంతవరకు నేడు మనవి చేయుదును.

ముందుగా రంగూను మాట. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. కావున అచటికి పోవువానికి వీసాతో పనిలేదు. ఓడచీటీ ఉన్న చాలును. ఆ చీటీకైనను సొమ్ము లేనివానికి మేస్త్రీ బయానా యిచ్చి వెంట తీసికొనిపోయెడివాడు. ఆ బాకీ తీరువరకు కూలివాడు మేస్త్రీ చేతిలోనివాడు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడల కంపెనీలవారు వారికి బదులుగా బర్మావారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీరి పాతవారు తిరిగి రాగానే, పని పోయిన బర్మావారికిని మనవారికిని కలహము రేగినది; ఎందరో తెలుగువారు ప్రాణములు గోలుపోయిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేరైనది. 1941లో ఉభయ ప్రభుత్వములును ఒక ఒడంబడిక చేసికొని, అంతవరకు తెరచియున్న వాకిలికి అనుమతిపత్రమను గడియ వేయ నిశ్చయించినవి. ఆ యేడు కడపటనే జపాను బాంబులు రంగూనుపై పడెను. 1942లో లక్షలకొలది భారతీయులు అడవులును కొండలును దాటి కాలినడకను ఇంటిదారి పట్టిరి. యుద్ధానంతరము అచట నిలిచినవారికి 1964లో మరియొక దెబ్బ తగిలెను. సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా, వేలకొలది కుటుంబములు ఉన్నది వదలి ఓడలెక్కి వచ్చినవి. విశాఖపట్టణమున కంచరపాలెములో “బర్మా క్యాంపు” అను పేట నేటికిని వారిని తలపించుచున్నది.

వీరు చేసిన తప్పేమి? ఏమియు లేదు. పాటుపడిరి, అప్పు తీర్చిరి, ఇంటికి సొమ్ము పంపిరి. వారు కాలు మోపిన చోట నియమము మారినది, అంతే.

ఇక అమెరికా. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యము చదివి, 1923లో బోస్టను నగరము చేరిరి. పొట్ట గడుచుటకు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరి, పగలు చదువు సాగించిరి. ఆ యేడే ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ అను పంజాబువాసి వ్యాజ్యెమున, భారతీయులు అమెరికా పౌరత్వమునకు అర్హులు కారని అచటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. సుబ్బారావుగారు 1925లో ఫిస్కేగారితో కూడి భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమున కిచ్చిరి. ఆయన నడపిన పరిశోధనాలయములనుండి ఆరియోమైసిన్ వంటి మందులు వెలువడినవి. భారతీయులకు పౌరత్వపు వాకిలి తెరచిన చట్టము 1946లో వచ్చెను. అదియును ఏటికి నూరుగురే వలస రావచ్చునను కొలతతో వచ్చెను. సుబ్బారావుగారు పౌరుడు కాకయే 1948లో కన్నుమూసిరి. ఆయన మందులు ఆ దేశపు ప్రజల ప్రాణములు నిలిపినవి. ఆ దేశమున ఆయన తుదివరకు పరదేశియే.

1965లో వచ్చిన చట్టము దేశమునకొక కొలత పెట్టు పాత పద్ధతిని తీసివైచెను. 1990లో వచ్చిన చట్టము, నేడు మన యింటింట వినబడు హెచ్-1బి అను వీసాను ఏర్పరచి, ఏటికి 65,000 అని హద్దు పెట్టినది. ఆ హద్దును 1998లో 1,15,000కును, 2000లో 1,95,000కును పెంచిరి. పెంచినది కొలది యేండ్లకే. 2004 నాటికి అది తిరిగి 65,000కు దిగినది. అమెరికాలో పైచదువు ముగించినవారికై మరియొక 20,000 మాత్రము చేర్చిరి. కావున ఒకే చదువు, ఒకే నేర్పు గల అన్నదమ్ములలో అన్న 2002లో సులువుగా పోగా, తమ్ముడు నాలుగేండ్ల పిమ్మట వాకిట నిలిచిపోయెను. ఊరిలోనివారు తమ్ముని చదువును తప్పుపట్టిరి. తప్పు చదువులో లేదు, అంకెలో ఉన్నది.

నేను 1999లో పోయితిని. 2001లో కంప్యూటరు వ్యాపారము కుంగగా, నన్ను పనిలో పెట్టుకొన్న కంపెనీవారు నెలదినములు గడువిచ్చి తొలగించిరి. పని పోయినవాడు ఇన్ని దినములు ఉండవచ్చునని చెప్పు స్పష్టమైన గడువు నాడు లేదు. కొలువు ముగిసిన నాడే నివాసమునకు ఆధారము ముగిసినట్లు. ఇరువదియారవ దినమున నాకు వేరొక కొలువు దొరకెను. 2000 అక్టోబరున వచ్చిన చట్టము వలన, క్రొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేసినంతనే పనిలో చేరుటకు వీలైనది. అంతకు ఒక యేడు ముందైనచో మంజూరు వచ్చువరకు కాచియుండవలసినదే. నాతో ఒకే యింట ఉన్న మిత్రుడు పనిలో నాకన్న దిట్ట. ఆయనకు ఆ నెలలో పని దొరకలేదు. కారును అయినకాడికి అమ్ముకొని తిరిగి వచ్చెను. మా యిరువురకును భేదము నేర్పులో కాదు, నాలుగు దినములలో.

2006లో మా తండ్రిగారికి జబ్బు ముదిరినది. 2004 జూలై వరకు వీసాముద్రను అమెరికాలోనే క్రొత్తగా వేయించుకొను వీలుండెడిది. పాసుపోర్టును తపాలాలో పంపిన చాలును. ఆ వీలు రద్దయినది. అటుపిమ్మట ముద్ర లేనివాడు దేశము వీడి వచ్చినచో, కాన్సులేటులో ముద్ర పడిననే తిరిగి పోగలడు. హైదరాబాదులో కాన్సులేటు 2008లో గాని తెరవలేదు; నాడు మా తూర్పు గోదావరి వారికి చెన్నపట్టణమే గతి. నేను వచ్చితిని. తండ్రిగారిని కడసారి చూచితిని. కర్మలు ముగిసిన పిదప చెన్నపట్టణమున పిలుపునకై ఏడు వారములు వేచితిని. కంపెనీవారు నా స్థానమును నిలిపియుంచిరి. నిలుపకున్నను నేను చేయగలిగినది లేదు. నాతో పనిచేసిన మరియొకరు అట్టి సమయమున రాజాలక, తల్లిగారి అంత్యక్రియలలో పురోహితుని మంత్రములను ఫోనులో వినిరి. మాలో ఎవరు చేసినది సరియో నేను చెప్పజాలను. ఇట్టి తూకము పెట్టవలసిన దినము వచ్చునని పోవువానికి ముందే తెలిసియుండవలెనని మాత్రము చెప్పుదును.

నియమములు ఎల్లప్పుడును కీడునకే మారునని కాదు. 2015లో హెచ్-1బి వారి భార్యాభర్తలలో కొందరికి పనిచేయుటకు అనుమతి దొరకెను. 2017లో, పని పోయినవారికి అరువది దినముల వరకు గడువు నిబంధనలలో చేరినది. మా మిత్రునకు ఆ గడువే ఉండినచో ఆయన కథ మరియొక తీరున నుండెడిది. 2024లో, ఒక మనిషి పేర ఎన్ని కంపెనీలు దరఖాస్తు చేసినను లాటరీలో ఒక్క పేరుగానే లెక్కింపవలెనని మార్చిరి. ఆ యేడే, రద్దయిన వీసాముద్రల ఏర్పాటును కొన్ని నెలలపాటు, కొలదిమందికి, పరీక్షార్థము తెరచి చూచిరి. 2025 సెప్టెంబరులో మరల గాలి తిరిగినది. అమెరికా వెలుపలనున్న వారికై వేయు క్రొత్త దరఖాస్తునకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుని ప్రకటన వెలువడెను. శుక్రవారము ప్రకటన, ఆదివారమునుండి అమలు. సెలవుమీద ఇంటికి వచ్చినవారు పెండ్లిపందిళ్లనుండియే విమానాశ్రయములకు పరుగులిడిరి. ఇదివరకే వీసా కలవారికి ఇది వర్తింపదని వివరణ మరునాడు వచ్చెను.

గ్రీన్ కార్డు సంగతియు వినుడు. కొలువు మూలముగా ఇచ్చునవి ఏటికి ఇంచుమించు 1,40,000. ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని సాధారణముగా నూటికి ఏడింటికి మించి దొరకవు. మన దేశమునుండి కోరువారు మిక్కిలి అధికులగుటచే, ఈ వరుస దశాబ్దములుగా సాగుచున్నది. తల్లిదండ్రులు వరుసలో ఉండగానే బిడ్డలకు ఇరువదియొక్క యేండ్లు నిండి, వారి నీడలో నుండు హక్కు పోవుచున్నది. పసితనమునుండి అచటనే పెరిగిన బిడ్డ, పరదేశపు విద్యార్థివలె మరల వీసా కోరవలసివచ్చుచున్నది.

ఇందుకు ఆ దేశమును తిట్టి ప్రయోజనము లేదు. ఏ దేశమైనను తన వాకిలి తానే కాచుకొనును. అచటి పనివానికిని ఆలుబిడ్డలు గలరు. వాని జీతము పడిపోకుండ చూచుట అచటి ప్రభుత్వపు విధి. మనము చేయదగినది వేరు. పోవు యువకులకు నాలుగు మాటలు చెప్పుదును.

మొదటిది, అప్పు. మేస్త్రీ బయానాకు లోబడిన కూలివాని తాతనాటి కథ మరువరాదు. చదువునకై పొలము తాకట్టు పెట్టునప్పుడు, డాలరు జీతముతో తీర్చెదమని లెక్క వేయకుడు. తిరిగి వచ్చి ఇచటి జీతముతో తీర్చగల అప్పు ఎంతయో అంతే చేయుడు. ఈ ఒక్క కొలత పాటించినవాడు ఏ ప్రకటనకును బెదరడు.

రెండవది, మధ్యవర్తి. హెచ్-1బి దరఖాస్తు ఖర్చులు యజమాని భరింపవలసినవి. పనివానిపై వేయుట చట్టవిరుద్ధము. పని లేదని జీతము లేక బెంచిమీద కూర్చుండబెట్టుటయు చట్టవిరుద్ధమే. సొమ్ము ముందు కట్టుమని, లేని అనుభవమును కాగితముపై వ్రాయుమని చెప్పు కన్సల్టెన్సీ గడప తొక్కకుడు. ఆ అబద్ధము వ్రాసినది వారైనను, దానిక్రింద సంతకము మీది. కాన్సులేటు గవాక్షము ముందు నిలుచువారు మీరే.

మూడవది, కాగితములు. మంజూరు పత్రములు, జీతపు చీటీలు, యజమాని ఉత్తరములు, ఒక్కటియు పారవేయక ప్రతులు తీసి ఇంటియొద్ద ఒకటి, వెంట ఒకటి ఉంచుడు. పనినుండి తొలగించినప్పుడు కంపెనీ కంప్యూటరు ఆ గంటలోనే మూతపడును; అందులో మీరు దాచుకొన్నవి మీకు దొరకవు.

నాలుగవది, విద్య. ఒక్క దేశపు, ఒక్క కంపెనీ యంత్రమునకే పనికివచ్చు నేర్పుతో తృప్తి పడకుడు. హైదరాబాదులోనైనను, జర్మనీలోనైనను చెల్లు నేర్పు గలవానికి ఒక వాకిలి మూసినచో మరియొకటి యుండును.

తల్లిదండ్రులకును ఒక మనవి. వీసా చూచి సంబంధము కుదుర్చుకొనుట మన యిండ్లలో వాడుకైనది. వీసాకు గడువున్నది, వివాహమునకు లేదు. పిల్లవాడు ఎట్టివాడని అడుగుడు, ఏ వీసా యని పిదప అడుగవచ్చును. మీ బిడ్డ కొలువు పోయి తిరిగి వచ్చిననాడు, ఏమి చేసివచ్చితివని పదిమందిలో ప్రశ్నింపకుడు. రంగూనునుండి నడచి వచ్చినవారిని ఆనాడు ఊళ్లు అట్లు ప్రశ్నింపలేదు. చాప పరచి, అన్నము పెట్టినవి. తిరిగి వచ్చినవాడు ఓడిన వాడు కాడు. వాడు నేర్చిన పని వానితోడనే వచ్చినది. దానిని ఇచట వినియోగించుకొను దారి చూపుడు. అది మన చేతిలోని సంగతి. దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు.