నిద్ర కోసం అలర్జీ మాత్రా?

రోగి పక్కన నాలుగు రాత్రులు మేలుకొని ఉన్నవారికి ఐదో రాత్రి పడుకున్నా నిద్ర పట్టదు. "ఒక అవిల్ వేసుకో, హాయిగా నిద్ర పడుతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. మీలో కొందరు వేసుకునే ఉంటారు.

అవిల్ గానీ, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ గానీ నిజానికి అలర్జీ మందులు. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను ఇవి అడ్డుకుంటాయి, అందుకే మగత. అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్‌ను నిద్రమాత్రగానే అమ్ముతారు. ఆరోగ్యవంతులైన పెద్దలు డాక్టరును అడిగి ఒకటి రెండు రాత్రులు వాడవచ్చు. రోజూ వేసుకుంటే కొద్ది రోజులకే పనిచేయడం తగ్గుతుంది. అలాగని మోతాదు పెంచకండి. మద్యంతో కలపకండి. మర్నాడు ఉదయం మత్తు మిగిలి ఉంటుంది, బండి నడపకండి. నిద్రలేమి 2 వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి.

నా అసలు భయం వేరు. "నాన్నగారు కూడా పడుకోవడం లేదు" అని అదే మాత్ర ఆయనకూ ఇచ్చేస్తారు. 65 దాటినవారికి ఇది మంచిది కాదు. ప్రోస్టేట్ వాపు ఉంటే మూత్రం ఆగిపోవచ్చు. కొన్ని రకాల నీటికాసుల జబ్బులో కంటి ఒత్తిడి పెరగవచ్చు. అర్ధరాత్రి తికమకపడి, మంచం దిగబోయి పడిపోవచ్చు. ఇక పసిపిల్లలను నిద్రపుచ్చడానికి అస్సలు వాడకూడదు.

ఆయనకు నిద్ర ఎందుకు పట్టడం లేదు? నొప్పా, ఆయాసమా, మాటిమాటికీ మూత్రమా? డ్యూటీలో ఉన్న సిస్టరుకు చెప్పండి. ఇప్పటికే ఏదైనా మాత్ర ఇచ్చి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. మేము కోప్పడము.