పెద్ద ట్రక్కు నేర్చుకునే సోదరులకు: ట్రైనర్ దగ్గర ఎలా మెలగాలి

(కార్మికుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్ట్రేలియాలో కాంట్రాక్టు మీద పని చేస్తున్న మీలో చాలామంది పెద్ద ట్రక్కు డ్రైవింగ్ నేర్చుకోవాలని అనుకుంటున్నారు. కొందరు ఊళ్ళో లారీ నడిపినవారు. కొందరు గల్ఫ్‌లో ట్రైలర్ నడిపి వచ్చినవారు. మరికొందరు ఫారంలోనో, గోడౌన్‌లోనో పని చేస్తూ కొత్తగా స్టీరింగ్ పట్టుకోబోతున్నవారు. ఈ రోజు మీకు బండి గురించి కొంత, బండి నేర్పే మనిషి గురించి కొంత చెప్తాను. మనవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది వచ్చేది ఈ రెండో దాని దగ్గరే.

ముందుగా ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. అర్థం కాకపోతే "యస్" అనకండి. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

మన దగ్గర లారీ పని నేర్చుకునే పద్ధతి మీకు తెలుసు. కుర్రవాడు క్లీనర్‌గా ఎక్కుతాడు. అద్దం తుడుస్తాడు, టైర్లు చూస్తాడు, బండి వెనక్కి తీసేటప్పుడు దిగి "రానీ, రానీ" అని కేక వేస్తాడు. డ్రైవర్ తిట్టినా పడతాడు. కొన్నేళ్ళకి ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ చేతికి వస్తుంది. డ్రైవర్‌ని ఎదురు ప్రశ్న వెయ్యడం అక్కడ మర్యాద కాదు. ఇక్కడ అలా కాదు. ట్రైనర్ మీ ఎడమ పక్క సీట్లో కూర్చుంటాడు, కొద్ది రోజుల్లోనే నేర్పి పరీక్షకి పంపిస్తాడు. మీరు అడగకపోతే మీకు తెలుసు అనే అనుకుంటాడు. మనం గంగిరెద్దులా తల ఊపితే, ఆ ఊపు అవునో కాదో కూడా ఇక్కడివారికి తెలియదు. అందుకని తల ఊపవద్దు, నోటితో చెప్పండి.

లైసెన్సు మెట్లు

ఇక్కడ ట్రక్కు లైసెన్సు ఒక్కసారిగా రాదు. కారు లైసెన్సు "సి" క్లాసు. అది 4.5 టన్నుల వరకు. ఆ పైన ఎల్‌ఆర్ (8 టన్నుల వరకు), ఎంఆర్ (8 టన్నులు దాటిన రెండు యాక్సిళ్ళ బండి), హెచ్‌ఆర్ (మూడు లేక అంతకంటే ఎక్కువ యాక్సిళ్ళ బండి), హెచ్‌సి (ప్రైమ్ మూవర్‌కి ఒక సెమీ ట్రైలర్), చివరగా ఎంసి (బి-డబుల్, రోడ్ ట్రైన్). సెమీ ట్రైలర్ 19 మీటర్లు, బి-డబుల్ 26 మీటర్లు, రోడ్ ట్రైన్ అయితే 53.5 మీటర్ల దాకా ఉంటుంది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి వెళ్ళడానికి సాధారణంగా ఏడాది, కొన్నిటికి రెండేళ్ళు ఆగాలి. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు వేరుగా ఉంటాయి, మారుతూ ఉంటాయి. కాబట్టి మీ రాష్ట్రం రవాణా శాఖ ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. ఇండియా హెవీ లైసెన్సు చూపించి ఇక్కడ నేరుగా పెద్ద ట్రక్కు లైసెన్సు తీసుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మవద్దు.

పరీక్ష లేకుండా డబ్బుకి సర్టిఫికెట్ ఇస్తామనేవారి జోలికి అసలు పోకండి. న్యూ సౌత్ వేల్స్‌లో కొందరు పరీక్షకులు డబ్బు తీసుకుని, పరీక్ష సరిగా పెట్టకుండానే పాసైనట్టు రాశారని అక్కడి అవినీతి నిరోధక కమిషన్ ఐకాక్ 2014లో బయటపెట్టింది. అలా కొన్న కాగితం ఘాట్ రోడ్డు మీద బ్రేకు వెయ్యదు.

క్యాబిన్‌లో తెలియవలసినవి

చాలా పెద్ద ట్రక్కుల్లో "రోడ్‌రేంజర్" అనే గేర్ బాక్సు ఉంటుంది. దీనికి 18 గేర్ల దాకా ఉంటాయి. క్లచ్ ఒక్కసారి తొక్కితే గేరు పడదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, మళ్ళీ తొక్కి గేరు వెయ్యాలి. గేరు దించేటప్పుడు మధ్యలో కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజన్ వేగం పెంచాలి. పాతకాలం లారీలు నడిపిన పెద్దవారికి "డబుల్ క్లచ్" అంటే తెలిసే ఉంటుంది. నడుస్తున్న బండిలో క్లచ్‌ని అడుగుదాకా తొక్కకూడదు. అడుగున క్లచ్ బ్రేక్ ఉంటుంది, అది బండి ఆగి ఉన్నప్పుడు గేరు వేసుకోవడానికి మాత్రమే. మనవాళ్ళు ఎక్కువ తిట్లు తినేది ఇక్కడే. ముందే తెలిస్తే సగం తిట్లు తప్పుతాయి. ఆటోమేటిక్ ట్రక్కులో పరీక్ష పాసైతే లైసెన్సు మీద ఆ షరతు రాస్తారు. ఆ లైసెన్సుతో రోడ్‌రేంజర్ నడపకూడదు.

ట్రైనర్లు వాడే కొన్ని మాటలు మనల్ని తికమక పెడతాయి. "పుల్ అప్" అంటే బండి ఆపు అని. "ఈజ్ ఆఫ్" అంటే కాలు నెమ్మదిగా తియ్యి అని. "బ్యాక్ అప్" అంటే వెనక్కి తియ్యి అని. "బ్యాక్ ఆఫ్" అంటే వేగం తగ్గించు, ముందు బండికి దూరం ఇవ్వు అని. ఈ చివరి రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, పని మాత్రం పూర్తిగా వేరు. మొదటి రోజే, బండి ఆగి ఉండగా, ఈ మాటలన్నీ ట్రైనర్‌తో ఒకసారి చెప్పించుకోండి.

ట్రైలర్ వెనక్కి తీసేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ మొదట దానికి ఎదురు దిక్కుకి పోతుంది. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ వెనక భాగం సరిగ్గా కనపడదు. వీలైనంత వరకు కుడివైపు నుంచే వెనక్కి తియ్యండి. అనుమానం వస్తే బ్రేకు వేసి, దిగి, చుట్టూ నడిచి చూసి రండి. ఎన్నిసార్లు దిగినా తప్పు లేదు. ఇక్కడ క్లీనర్ ఉండడు.

బయలుదేరే ముందు బండి ఎత్తు తెలుసుకోండి. సాధారణంగా ట్రక్కు ఎత్తు 4.3 మీటర్లు దాటకూడదు. మెల్‌బోర్న్‌లో మాంటేగ్ స్ట్రీట్ వంతెన కింద ఖాళీ 3 మీటర్లే. దానికి ట్రక్కులు తగిలి ఇరుక్కోవడం అందరికీ తెలిసిన సంగతి. బోర్డు చదవకుండా జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకుంటే అలాగే అవుతుంది.

డౌన్ రోడ్డు, కొత్త డ్రైవర్

మన దగ్గర డీజిల్ ఆదా అవుతుందని కొందరు దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదులుతారు. ఆ అలవాటు ఉన్నవారు ఇక్కడ పూర్తిగా మానుకోవాలి. దిగుడు మొదలవక ముందే చిన్న గేరు వేసుకుని, ఇంజన్ బ్రేకుతో దిగాలి. కాలి బ్రేకు నొక్కుతూనే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది.

అడిలైడ్‌లో కొండల మీద నుంచి నగరంలోకి దిగే సౌత్ ఈస్టర్న్ ఫ్రీవే ఉంది. బ్రేకులు పోయిన బండ్లు ఆగడానికి పక్కన రెండు అరెస్టర్ బెడ్లు కట్టారు. ట్రక్కులకి అక్కడ వేగం గంటకి 60 కిలోమీటర్లు దాటకూడదు. 2014 ఆగస్టు 18న ఒక ట్యాంకర్ ట్రక్కు ఆ దిగుడులో అదుపు తప్పి, కింద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కార్ల మీదకి వెళ్ళింది. ఇద్దరు చనిపోయారు. డ్రైవర్ తీవ్రంగా గాయపడ్డాడు. అతను ఆ కంపెనీలో కొత్తగా చేరినవాడు. కొత్త డ్రైవర్‌కి తగిన శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వలేదని కోర్టు తర్వాత ఆ కంపెనీని దోషిగా తేల్చి, లక్షల డాలర్ల జరిమానా వేసింది.

దీనిలో మీరు గమనించవలసింది ఏమిటంటే, కొత్తవాడికి నేర్పించడం కంపెనీ దయ కాదు, చట్టప్రకారం దాని బాధ్యత. "ఈ రోడ్డు నాకు కొత్త, ముందు ఎవరైనా నాతో వచ్చి చూపించండి" అని అడగడం మీ హక్కు. అడిగితే లోకువైపోతామని అనుకోవద్దు. అడగందే అమ్మయినా పెట్టదంటారు.

ట్రైనర్‌తో మెలగడం

ట్రైనర్లు రకరకాలుగా ఉంటారు. ఆడవారు కూడా ఉంటారు, వారికీ అదే గౌరవం ఇవ్వాలి. ఇక్కడ "సార్" అనరు, పేరు పెట్టి పిలుస్తారు. అది అమర్యాద కాదు. తిట్టులాంటి మాటలు మామూలు సంభాషణలోనే దొర్లుతూ ఉంటాయి. ప్రతిదానికీ మనసు కష్టపెట్టుకోవద్దు. కేకలు రెండు రకాలని తెలుసుకోండి.

మొదటిది ప్రమాదం ఆపడానికి వేసే కేక. "స్టాప్!" అని గట్టిగా అరిస్తే వెంటనే బ్రేకు వెయ్యండి. రోషం తర్వాత. స్టీరింగ్ దగ్గర ఉన్నప్పుడు వాదించకండి. బండి పక్కన ఆపాక, "ఇందాక నేను చేసిన తప్పేమిటి?" అని అడగండి. రెండోది మిమ్మల్ని కించపరచడానికి వేసే కేక. మీ రంగు, దేశం, మతం పేరుతో తిట్టడం, చెయ్యి చేసుకోవడం, "వీసా తీయించేస్తా" అని బెదిరించడం ఈ రకం. ఇవి ఓర్చుకోవలసినవి కావు.

మొదటి రోజే ట్రైనర్‌తో ఈ రెండు మాటలు చెప్పండి: "ప్లీజ్ స్పీక్ స్లోలీ." "ఇఫ్ ఐ డోంట్ అండర్‌స్టాండ్, ఐ విల్ స్టాప్ అండ్ ఆస్క్." ఆయన చెప్పినది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "చిన్న గేరు వేసి, ఆ తర్వాత దిగాలి, అంతేనా?" అంటే తప్పు ఉంటే అక్కడే దొరికిపోతుంది. ట్రైనర్ పదే పదే కోప్పడి మీ చేతులు వణికిస్తుంటే, కంపెనీలో వేరే ట్రైనర్‌ని అడగండి. అది ఫిర్యాదు కాదు, మామూలు విన్నపం.

రోజూ సాయంత్రం ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్ని గంటలు నడిపారు, ఏం నేర్చుకున్నారు, ఎవరు ఏమన్నారు అన్నది తెలుగులోనే రాసుకోండి. నేర్చుకోవడానికి పనికొస్తుంది, రేపు గొడవ వస్తే ఆధారంగానూ ఉంటుంది.

కాదనవలసిన సమయం

బ్రేకులు సరిగా లేని బండి, ఎక్కువ బరువు వేసిన బండి, మీ లైసెన్సుకి మించిన బండి నడపమంటే నడపకండి. ట్రైనర్ చెప్పినా, యజమాని చెప్పినా ఇంతే. అలసట విషయం కూడా అంతే. హెవీ వెహికిల్ నేషనల్ లా 2014 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉంది. 12 టన్నులు దాటిన ట్రక్కులకి దీని కింద సాధారణ నిబంధన ప్రకారం 24 గంటల్లో 12 గంటలకి మించి పని చెయ్యకూడదు, కనీసం 7 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీలకి వేరే నిబంధనలు ఉన్నాయి. డ్రైవర్‌ని పరిగెత్తించిన యజమాని, లోడింగ్ మేనేజర్ కూడా చట్టం ముందు బాధ్యులే.

అయినా స్టీరింగ్ పట్టుకున్నది మీరు. 2020 ఏప్రిల్ 22న మెల్‌బోర్న్ ఈస్టర్న్ ఫ్రీవే మీద నిద్రలేమితో, మాదక ద్రవ్యాల ప్రభావంతో ఉన్న డ్రైవర్ నడిపిన ట్రక్కు పక్కకి వెళ్ళి, అక్కడ నిలబడి ఉన్న నలుగురు పోలీసులను బలి తీసుకుంది. 2021లో డ్రైవర్‌కి 22 ఏళ్ళ జైలు శిక్ష పడింది. అప్పీలులో కొంత తగ్గినా, జైలు తప్పలేదు. కాబట్టి కళ్ళు మూసుకుపోతుంటే "ఐ యామ్ నాట్ ఫిట్ టు డ్రైవ్" అని చెప్పి, తాళం చెవి ఇచ్చేయండి. వీలైతే అదే మాట మెసేజ్ కూడా పెట్టండి.

వీసా, జీతం, సహాయం

స్పాన్సర్ వీసా మీద ఉన్నవారు వీసాలో రాసిన పనే చెయ్యాలి. ట్రక్కు ఉద్యోగానికి మారే ముందు మీ వీసా షరతులు చూసుకోండి. ట్రక్కు డ్రైవర్ వీసా ఇప్పిస్తామని డబ్బు గుంజే ఏజెంట్లతో జాగ్రత్త. స్పాన్సర్‌షిప్ ఇచ్చినందుకు డబ్బు అడగడం, తీసుకోవడం 2015 డిసెంబరు నుంచి నేరం. వీసా పేరు చెప్పి కార్మికుడిని బెదిరించి దోచుకోవడం 2024 జూలై 1 నుంచి క్రిమినల్ నేరం. 482 వీసావారు ఉద్యోగం మానేస్తే ఒక విడతకి 180 రోజులు, మొత్తం మీద 365 రోజుల వరకు వేరే స్పాన్సర్‌ని వెతుక్కోవచ్చు. కాబట్టి ఒక్క బెదిరింపుకి భయపడి పాడుబండి ఎక్కనక్కరలేదు.

శిక్షణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, శిక్షణ రోజులకి జీతం ఎంత అన్నది చేరేముందే కాగితం మీద రాయించుకోండి. మీరు రాసి ఒప్పుకోకుండా ఇష్టమొచ్చినట్టు జీతంలో కోయడానికి వీల్లేదు.

అత్యవసరమైతే 000. జీతం, పనిలో హక్కుల విషయాలకి ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్: 13 13 94. ఇంగ్లీషు రాకపోతే ముందు 131 450కి ఫోన్ చేసి "తెలుగు" అని చెప్పండి, దుబాసీని కలుపుతారు. డ్రైవర్ల కోసం ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్ ఉంది, సభ్యులు కావచ్చు. కాన్‌బెర్రాలోని భారత హైకమిషన్, సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, బ్రిస్బేన్‌లలోని కాన్సులేట్లు మీకోసమే ఉన్నాయి. "మదద్" పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. నిజంగా నిస్సహాయ స్థితిలో ఉన్నవారికి 2009లో ఏర్పాటైన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి అర్హతను బట్టి సహాయం అందుతుంది. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి, ట్రక్కులో కాకుండా మీ జేబులో పెట్టుకోండి.

నేర్చుకోవడానికి ఒక నెల ఎక్కువ పట్టినా ఫర్వాలేదు. నిదానమే ప్రధానం. మీరందరూ మంచి డ్రైవర్లు కావాలని, క్షేమంగా పని చేసుకుని క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.