ట్యాంకు దగ్గర మంచినీళ్లే, మన కుళాయి దగ్గర?

(పట్టణ మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో నీటి కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పుకుంటాం. మాకిచ్చిన ఈ కొద్దిసేపట్లో నీళ్ల గురించి చెబుతాం. అయితే మొదలుపెట్టేది మాత్రం అప్పుల పుస్తకంతోనే.

కిందటి వానాకాలంలో ఒక సంఘంలో ముగ్గురు సభ్యులు వరసగా రెండు నెలలు కిస్తీ కట్టలేదు. మీటింగులో కాస్త గట్టిగానే మాటలు పడ్డాయి. తర్వాత మినిట్స్ పుస్తకం తిరగేస్తే, ఆ ముగ్గురూ అంతర్గత అప్పు తీసుకున్నది ఒకే పక్షంలో, ఒకే కారణానికి. ఆసుపత్రి ఖర్చు. ముగ్గురిదీ ఒకే వీధి. వాంతులు, విరేచనాలు. ఒకామె మూడేళ్ల బిడ్డకు రెండు రోజులు సెలైను ఎక్కించారు. తల్లి పని పోయింది, తండ్రి కూలి పోయింది, పైగా ఆటో ఖర్చు, మందుల ఖర్చు. కిస్తీ ఎందుకు కట్టలేదని అడిగాం గానీ, ఏ నీళ్లు తాగారమ్మా అని మేమెవరమూ అడగలేదు. ఆ తప్పు ఒప్పుకున్నాకే ఈ కమిటీ పని మొదలైంది.

మన రాష్ట్రంలో ఒక్కో ఊరిది ఒక్కో నీరు. విజయవాడకు కృష్ణ, రాజమండ్రికి గోదావరి, నెల్లూరుకు పెన్న, కర్నూలుకు తుంగభద్ర. విశాఖకు ఏలేరు, తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ. భీమవరం లాంటి డెల్టా ఊళ్లకు కాలువే ఆధారం. ఎండాకాలం కాలువ కట్టేస్తే చెరువులో నిలవ చేసుకున్న నీళ్లే గతి. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఇన్ని రకాల నీళ్లకూ తాగునీటి ప్రమాణం ఒక్కటే. దాని పేరు ఐఎస్ 10500, 2012లో సవరించింది. అందులో మనం గుర్తుపెట్టుకోవలసినవి మూడు. క్లోరిన్ కలిపిన నీటిలో, కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో మలం వల్ల చేరే ఈ-కోలై క్రిమి అసలు కనిపించకూడదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

2023 నవంబరు 7 నుంచి 9 దాకా కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ ‘జల్ దివాళీ’ పేరుతో సంఘాల మహిళలను దేశమంతటా నీటిశుద్ధి కేంద్రాలకు తీసుకెళ్లింది. అలాంటి కేంద్రం చూసినవాళ్లకు తెలుసు. వచ్చిన నీటిలో పటిక కలుపుతారు, మడ్డి అడుగుకు దిగుతుంది, పైనీరు ఇసుక పొరల గుండా వడపోస్తారు, ఆఖరున క్లోరిన్ కలిపి ట్యాంకుకు ఎక్కిస్తారు. పని సరిగ్గా చేస్తే ట్యాంకు ఎక్కే నీటికి వంక పెట్టలేం. చిక్కంతా ట్యాంకు దిగాకే.

ఎందుకంటే మన పట్టణాల్లో కుళాయి వచ్చేది రోజుకు గంటో, రెండు గంటలో. మిగతా సమయం పైపు ఖాళీ. ఆ పైపు సైడు కాలువ పక్కనో, కొన్నిచోట్ల కాలువలోనే పోతుంది. జాయింటు దగ్గర సూది బెజ్జం ఉన్నా చాలు. నీళ్ల ఒత్తిడి ఉన్నప్పుడు లోపలి నీరు బయటికి కారుతుంది, ఒత్తిడి పోయాక బయటి మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదటి బిందెలో పడేది అదే.

2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీటివల్ల అతిసారం వచ్చి పది మందికి పైగా చనిపోయారు. కృష్ణ నీళ్లు తాగే ఊరది. నది పెద్దదైనంత మాత్రాన మన బిందె క్షేమం కాదని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

మేం ఏం చేశామో చెబుతాం. సమాఖ్య నిధి నుంచి పరీక్ష కిట్టు కొన్నాం. నీళ్లలో మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, లేకపోతే రాదు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి, తాగకూడదు. ఇంకోటి చిన్న సీసా. అందులో నీళ్లు పోసి ఒకటి, రెండు రోజులు ఉంచితే, మురుగు క్రిములు ఉంటే నల్లబడుతుంది. ఆ వీధికి నీళ్లిచ్చే ట్యాంకు కింద, వీధి మధ్యలో, చివరి ఇంట్లో, మూడు చోట్ల ఒకే పొద్దున నీళ్లు పట్టాం. ట్యాంకు కింద మంచి పసుపు. మధ్యలో లేత పసుపు. చివరింట్లో రంగే లేదు. మర్నాటికి ఆ ఇంటి సీసా నల్లగా బొగ్గులా ఉంది. ఆ ఇల్లు సెలైను ఎక్కించుకున్న బిడ్డదే.

ఆ సీసా పట్టుకుని ఆఫీసుకు వెళ్లాం. “మా రికార్డులో నీళ్లు బాగానే ఉన్నాయమ్మా” అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లు చూసింది ట్యాంకు దగ్గర. మేమూ అబద్ధం చెప్పలేదు, మేం చూసింది కుళాయి దగ్గర. మూడోసారి వెళ్లాక లైన్‌మన్‌ను పంపారు. అతనితో కలిసి వీధంతా నడిచాం. కాలువలో మునిగి ఉన్న రెండు కనెక్షన్లు దొరికాయి. వాటిని పైకి లేపి జాయింట్లు మార్చారు.

ఇంకోటి కూడా దొరికింది. అది చెప్పడానికి మాకు కొంచెం సిగ్గే. ఆ వీధిలో కుళాయికి నేరుగా మోటారు బిగించిన ఇళ్లలో సగం మన సభ్యులవే. మోటారు వేస్తే నీళ్లనే కాదు, దారిలో బెజ్జం ఉంటే మురుగును కూడా లాగుతుంది. పై ఇంటివాళ్లు డ్రమ్ము నింపుకుంటే కింది ఇంటి బిడ్డకు విరేచనాలు. మన సంఘం డబ్బుతో కొన్న మోటారు మన సంఘం సభ్యురాలి బిడ్డనే ఆసుపత్రి పాలు చేసిందేమోనన్న ఆలోచన ఇప్పటికీ మమ్మల్ని వదల్లేదు.

మోటార్లు తీసేయమంటే ఊరికే ఒప్పుకోలేదు. “తీసేస్తే మాకు చుక్క రాదు, మీరు మోసుకొచ్చి పోస్తారా?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒక వారం అందరూ ఒకేసారి ఆపి చూద్దామన్నాం. ఆపాక చాలా ఇళ్లకు సన్నగానైనా నీళ్లు అందాయి. మిట్ట మీదున్న రెండిళ్లకు మాత్రం అందలేదు. వాళ్లకు కింద వీధి కుళాయి పెట్టించమని అర్జీ ఇచ్చాం. ఇంకా పని కాలేదు. కాబట్టి గెలిచామని మేం చెప్పడం లేదు.

“ఎందుకొచ్చిన గొడవ, టిన్ను కొనుక్కుంటే పోలా?” అని అడిగినవాళ్లూ ఉన్నారు. టిన్ను ఇరవై రూపాయలు, రోజుకొకటి అనుకోండి, నెలకు ఆరు వందలు. మనలో ఎంతమంది నెలకు అంత పొదుపు చేస్తున్నాం? పైగా ఆ నీళ్లలో క్లోరిన్ మిగలదు. టిన్ను సరిగ్గా కడగకపోయినా, చెయ్యి పెట్టి ముంచినా క్రిమి చేరుతుంది. ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో ఫిల్టరు నీళ్లు అవసరమే, ఎందుకంటే కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. మురుగు క్రిమి అయితే నీళ్లు కళపెళా మరిగితే చస్తుంది. అందుకే ఏ ఊరి జబ్బు ఏదో తెలియాలి, తెలియాలంటే పరీక్ష చేయాలి.

ఇది ఆడవాళ్ల వల్ల అయ్యే పనేనా అని సందేహం వద్దు. ఒడిశాలోని పూరీలో 2021 జులైలో ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లు నేరుగా తాగే పథకం మొదలైంది. అక్కడ ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్ష చేసేది, మీటరు చూసేది, బిల్లు వసూలు చేసేది సంఘాల మహిళలే. వాళ్లను జల్‌సాథీలంటారు. పైపులో ఎప్పుడూ నీరుంటే మురుగు దూరడానికి సందుండదు. మన ఊరికీ ఆ రోజు రావాలి. వచ్చేదాకా కాపలా మనదే.

అందుకని ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి స్లమ్ సమాఖ్యలో ఇద్దరు సభ్యులు నెలకోసారి వీధి చివరి కుళాయి నీళ్లు పరీక్ష చేసి రిజిస్టరులో రాయాలి, ఆ కాపీ వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. రెండు, కుళాయికి నేరుగా బిగించే మోటారుకు ఇకమీదట సంఘం అప్పు ఇవ్వకూడదు. ఉన్నవి ముందు సమాఖ్య నాయకుల ఇళ్లలో తీయాలి, ఆ తర్వాతే ఇతరులను అడగాలి. మూడు, కిస్తీ తప్పిన సభ్యురాలిని మందలించే ముందు ఇంట్లో ఎవరికైనా బాగాలేదా, ఏ నీళ్లు తాగుతున్నారు అని అడిగి మినిట్స్‌లో రాయాలి.

రెండో తీర్మానం కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. మా కమిటీలో ఇద్దరి ఇళ్లలో మోటార్లు ఉండేవి. నిన్ననే విప్పేసి ఈ సభకు వచ్చాం.

సెలవు.