పళ్లు లేని నోటికి పళ్లు

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు మాట్లాడారు. వాటి తర్వాత వంట సంగతి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ పెన్షన్ చేతికి అందడం ఎంత ముఖ్యమో, దానితో కొన్నది నోటికి అందడమూ అంతే ముఖ్యం కదా. అందుకే ఈ పావుగంటలో ఆపిల్ పండును మన సుగంధ ద్రవ్యాలతో స్లో కుక్కర్‌లో మెత్తగా ఉడికించుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనలో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా, చూడడానికి వచ్చినవారు ఆపిల్ పళ్ల సంచీతోనే వస్తారు. పిల్లలు ఊరి నుంచి వచ్చినా అంతే. అవి బల్ల మీద అందంగా ఉంటాయి. కొరకబోతే పంటి కట్టు కదులుతుంది, ఉన్న రెండు పళ్లూ జివ్వుమంటాయి. ముక్కలు కోసి పెడితే నమిలి నమిలి సగం వదిలేస్తాం. నాలుగు రోజులకు పళ్లు ముడతలు పడతాయి, పనిమనిషికి ఇచ్చేస్తాం. తెచ్చినవారు మాత్రం తిన్నామనే అనుకుంటారు. నమలలేనివారు మొదట మానేసేవి పళ్లూ కూరగాయలే. తర్వాత తర్వాత అన్నం మజ్జిగతో సరిపెట్టుకుంటారు. దాంతో మలబద్ధకం, నీరసం, తిండి మీద విసుగు వరుసగా వస్తాయి. ఇదంతా వయసు తెచ్చిన జబ్బని మనం సరిపెట్టుకుంటాం. నిజానికి ఇందులో కొంత మన వంట మారకపోవడం వల్ల వచ్చినదే. నోరు మారినప్పుడు వంట కూడా మారాలి.

నిదానంగా ఉడికించడం మనకు కొత్త విద్య కాదు. 2014లో మన పక్క మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరయింది. గీతలు ఎక్కడ గీసినా, పాల్వంచ వైపు వాళ్లం గానీ, చింతూరు వైపు వాళ్లం గానీ, మన పెద్దవాళ్ల ఇళ్లలో దాలి ఉండేది. పెరట్లో గుంట, అందులో పిడకల నిప్పు, దాని మీద పాలకుండ. ఉదయం పెట్టిన పాలు మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, మీద మందపాటి మీగడ కట్టేవి. పొంగేది లేదు, మాడేది లేదు, పక్కన ఎవరూ కాపలా కూర్చునే పని లేదు.

అడవి పల్లెల్లో ఇదే విద్య ఇప్పపువ్వుకు ఉపయోగపడింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారేసరికి చెట్ల కింద రాలిన పువ్వును కోయ ఆడపడుచులు ఏరుకొచ్చి ఎండబెడతారు. లోపలి కేసరాలు దులిపి, కొద్ది నీళ్లతో కుండలో సన్నని సెగ మీద ఉడికిస్తే పువ్వులోని తీపి తనంతట తానే పాకమవుతుంది. ఇప్ప అనగానే సారా గుర్తుకొచ్చే మనకు, అది ముందుగా ఒక తిండి వస్తువని, పంట చేతికి రాని నెలల్లో ఎన్నో ఇళ్లను ఆదుకుందని తెలియాలి.

సముద్రాలకు అవతలా ఇదే కథ. యూరప్‌లో లిథువేనియా ప్రాంతపు యూదులు శనివారం నిప్పు ముట్టించరు. అందుకని శుక్రవారం సాయంత్రమే పప్పుధాన్యాలు, మాంసం వేసిన కుండను ఊరి రొట్టెల బట్టీలో పెట్టేవారు. ఆరిపోతున్న బట్టీ సెగకు అది మర్నాటికి ఉడికి ఉండేది. తల్లి చెప్పిన ఈ సంగతి విని అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు కరెంటుతో పనిచేసే కుండ తయారుచేసి, 1940లో పేటెంటు పొందాడు. 1971లో అదే క్రాక్ పాట్ అనే పేరుతో బజారుకొచ్చింది. మన దేశంలో అంతకు చాలా ముందే, 1910లో, కలకత్తాకు చెందిన డాక్టర్ ఇందుమాధవ మల్లిక్ బొగ్గు సెగతో ఆవిరి మీద నిదానంగా ఉడికించే ఇక్మిక్ కుక్కర్ తయారుచేశారు. అంటే స్లో కుక్కర్ మన దాలికి దూరపు చుట్టమే.

దాని లోపల ఒక మందపాటి పింగాణీ పాత్ర, చుట్టూ వేడెక్కే తీగలు, పైన గాజు మూత ఉంటాయి. సెగ పక్కల నుంచి మెల్లగా వస్తుంది. ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ గిన్నెలోనే పడుతుంది. అందుకే నీళ్లు చాలా తక్కువ చాలు, అడుగంటే భయం తక్కువ. సుమారు 200 వాట్ల కుక్కర్ 3 గంటలు నడిస్తే యూనిట్‌లో సగానికి కాస్త ఎక్కువ కాలుతుంది.

ఇక చేసే పద్ధతి చెబుతాను. 6 ఆపిల్ పళ్లు, అంటే సుమారు కిలో, గోరువెచ్చని నీటితో కడిగి, చెక్కు తీసి, గింజల భాగం తొలగించి ఒక్కొక్కటి 4 ముక్కలు చేయండి. కాస్త పులుపున్న పండైతే మరీ మంచిది. ముడత పడిన పళ్లూ పనికొస్తాయి. కుళ్లినవి మాత్రం పారేయండి. ఒక నిమ్మకాయ రసం పిండితే ముక్కలు నల్లబడవు. సగం గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు వేయండి. వేలెడు దాల్చినచెక్క, 4 లవంగాలు, 4 యాలకులు పలుచని గుడ్డలో మూట కట్టి వేయండి. మూట ఎందుకంటే, పళ్లు లేని నోట్లో లవంగం గానీ చెక్క ముక్క గానీ పడితే గొంతుకు అడ్డం పడవచ్చు. శొంఠి పొడి అర చెంచా, మిరియాల పొడి చిటికెడు విడిగా కలపండి. శ్రీరామనవమి పానకంలో మనం వేసేవి కూడా యాలకులు, శొంఠి, మిరియాలే కదా. భద్రాచలం వాళ్ల నాలుకకు ఈ రుచి పరాయిది కాదు.

మూత పెట్టి తక్కువ సెగ మీద 4 గంటలు, లేదా ఎక్కువ సెగ మీద 2 గంటలు ఉంచండి. మధ్యలో ఊరికే మూత తీసి చూడవద్దు. తీసినప్పుడల్లా పోయిన వేడి మళ్లీ రావడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

బెల్లం ఎప్పుడు వేయాలన్నది అసలు కిటుకు. ఆపిల్ ముక్కను గట్టిగా పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. అది వేడికి కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. తీపి ముందే వేస్తే పెక్టిన్ త్వరగా కరగదు, ముక్క బిరుసుగానే ఉంటుంది. కాబట్టి ముక్క చెంచాతో నొక్కితే చితికేదాకా ఆగి, ఆ తర్వాతే తురిమిన బెల్లం 50 గ్రాములు వేసి మరో అరగంట ఉంచండి.

ఈ ఆలస్యంలో మరో లాభం ఉంది. బెల్లం వేయకముందే చక్కెర వ్యాధి ఉన్నవారి వంతు విడిగా తీసి పెట్టవచ్చు. రోగికి ఒక వంట, ఇంటికి ఒక వంట అనే తేడా లేకుండా ఒకే గిన్నెలోది అందరూ కలిసి తింటారు. చాలా ఇళ్లలో చక్కెర వ్యాధి కంటే, పక్కన వేరే గిన్నె పెట్టుకుని ఒంటరిగా తినవలసి రావడమే పెద్దవాళ్లను ఎక్కువ బాధిస్తుంది. అయితే బెల్లం లేకపోయినా పండులో తీపి ఉంటుంది. గుజ్జు చేసినది త్వరగా వంటబడుతుంది. అందుచేత ఆ వ్యాధి ఉన్నవారు చిన్న కప్పుతోనే ఆపాలి, ముక్కలను మరీ గుజ్జు చేయకుండా తినాలి. సంతలో మంచి ఇప్పపువ్వు దొరికితే బెల్లానికి బదులు కేసరాలు తీసి కడిగిన గుప్పెడు పువ్వు వేసుకోవచ్చు. అదీ తీపే కనుక జాగ్రత్త అదే.

దాల్చినచెక్క చక్కెర వ్యాధికి మందని ఎవరో చెప్పారని పొడిని చెంచాలకొద్దీ మింగవద్దు. బజారులో దొరికే చెక్క ఎక్కువగా కేసియా రకం. అందులోని కూమరిన్ అనే పదార్థం మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. రుచికి ఒక ముక్క చాలు, డాక్టరు రాసిన మాత్ర మానవద్దు. మింగడం కష్టమైనవారు ఎంత మెత్తగా తినాలో ముందు డాక్టరును అడగాలి.

మిగిలినది చల్లారాక వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఉంటుంది. వేడి పింగాణీ పాత్రలో చన్నీళ్లు పోయకండి, పగులుతుంది. ఉదయం గోధుమ రవ్వ జావలోనో, రాత్రి పెరుగన్నం తర్వాతనో రెండు చెంచాలు తినవచ్చు. మధ్యలో కరెంటు పోయి చాలాసేపు రాకపోతే గ్యాసు మీద పూర్తి చేసుకోండి. కుక్కర్ లేనివారు దిగులు పడనక్కరలేదు. మందపాటి గిన్నెలో బాగా మరిగించి, మూత బిగించి, గడ్డి పరచిన బుట్టలో పెట్టి, పాత దుప్పటి చుట్టి ఉంచితే ఉన్న వేడికే మెత్తబడుతుంది. కరెంటూ లేదు, ఖర్చూ లేదు.

చివరిగా ఒక మాట. మనలో ఒంటరిగా ఉంటున్నవారు చాలామంది ఉన్నారు. పాలు స్టౌ మీద పెట్టి మరిచిపోయే వయసు మనది. ఆ భయంతోనే పిల్లలు మనల్ని వంటింట్లోకి రానివ్వరు. పొయ్యి ముందు నిలబడే పని లేకుండా, మంట లేకుండా, మనం చేసినది మనమే తిని, మనవలకూ ఓ కప్పు పెట్టగలిగితే, చేతకానివాళ్లమనే దిగులు కొంత తగ్గుతుంది. ఈసారి ఎవరైనా ఆపిల్ పళ్లు తెస్తే బల్ల మీద ఉంచకండి. కుక్కర్‌లో వేయండి, తెచ్చినవారినే రేపు రమ్మని పిలిచి వాళ్లకూ పెట్టండి.