పెరటి కోళ్లకు రక్షణ



మా చిత్తూరు సీమ పల్లెలలో పెరటికోడి ఇల్లాలి సొంత ధనము. వానలు తప్పి వేరుసెనగ పోయిన యేట పిల్లల పలకా పుస్తకములకు చేతికందునది గ్రుడ్లమ్మిన డబ్బే. ఆ కోళ్లు ఒక్క రాత్రిలో పోయినచో ఆ లోటు తీరుట కష్టము.

చంద్రగిరి ప్రాంతము 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. అచ్చటి కొండల చెంత మా బంధువుల యింట నొకనాటి ఉదయమున ఏడు కోళ్లు గూటిలో చచ్చిపడి యుండెను. ఎనిమిదవది మాయమయ్యెను. “ఇది ముంగిస పని” యని అందరును కఱ్ఱలు పట్టిరి. గూటిని చూడగా తడిక మూలను బెత్తెడు సందు కనబడెను. ముంగిస పగటిపూట తిరుగునది; రాత్రివేళ బొరియ వదలుట అరుదు. వచ్చినది అడవిపిల్లియో పునుగుపిల్లియో అయి యుండును. ఇరుకు గూటిలో కోళ్లు బెదరి కొట్టుకొనునప్పుడు ఇట్టి జంతువులు తినగలిగినదానికంటె ఎక్కువ చంపును.

కావున ముందుగా వేళను గమనింపవలెను. పగటిపూట పిల్లలను తన్నుకొనిపోవునవి గద్దయు కాకియు. పగులగొట్టిన పెంకులున్నచో ముంగిసను, పెంకైనను లేక గ్రుడ్లు పోయినచో పామును అనుమానింపవచ్చును. రాత్రి వచ్చునవి పిల్లిజాతులు, నక్కలు.

గూటిని నేలకు రెండడుగుల ఎత్తున గుంజలపై నిలుపుడు. పలుచని కోళ్లవల కోళ్లను లోపల ఆపును గాని నక్క పండ్లను ఆపజాలదు. అర అంగుళము కన్నులు గల గట్టి ఇనుపవలను అడుగునకును ప్రక్కలకును బిగింపవలెను. తలుపునకు త్రాడు చాలదు, గడియ ఉండవలెను. చెదరిన గింజలను సాయంకాలమే ఊడ్చివేయుడు. గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వచ్చును. గ్రుడ్లను ఏపూట కాపూట తీయుడు. పిల్లలు కొంత ఎదుగువరకు తల్లితో గంప క్రింద నుంచి, మనుష్యులున్న వేళనే విడువవలెను. పెరటిలో గుబురు పొదలున్నచో గద్ద నీడ పడగానే అవి దాగుకొనును. తెల్లకోడి దూరమునకే కనబడును. రంగురంగుల నాటుకోడియు, హైదరాబాదు పరిశోధకులు రూపొందించిన వనరాజాయు పెరటికి మేలు.

విషము పెట్టుట, కంచెకు కరెంటు పారించుట ఎన్నడును కూడదు. కరెంటు తీగ మన బిడ్డనే పొట్టన బెట్టుకొనవచ్చును. ముంగిసకును పునుగుపిల్లికిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ కలదు. తిరుమలలో స్వామివారి శుక్రవారాభిషేక సేవకు పునుగుతైలము నిచ్చునది ఈ పిల్లియే. ముంగిస మన చేల ఎలుకలను తినును. వాటిని చంపినను సందు సందుగనే యుండును. మరునాడు మరియొకటి వచ్చును.

మా బంధువులు కఱ్ఱలు ప్రక్కన బెట్టి గూటిని బాగుచేసికొనిరి. ఇప్పుడు ఆ యింటి ఇల్లాలు దీపము పెట్టుటకు ముందే కోళ్లను లెక్కించి గడియ వేయును. మీరును నేటి సంధ్యవేళ మీ గూటిని చుట్టి చూచి, రెండు వ్రేళ్లు దూరు సందెచ్చట నున్నను మూసివేయుడు.