వెన్నులో సూదికి సంతకం ఎవరిది?

(కాసిపేటలో మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాసిపేట వెళ్తున్నానంటే హైదరాబాదులో అందరూ కాజీపేట అనుకున్నారు. జంక్షను కాదు, బెల్లంపల్లి దగ్గర గని ఉన్న ఊరని చెప్పాల్సొచ్చింది. ఏం మాట్లాడతావంటే, మెదడుకూ వెన్నుపాముకూ సోకే జబ్బుల గురించి అన్నాను. 'అది డాక్టర్ల పని గదా, సోషియాలజీ చదివినదానివి నీకెందుకు' అన్నది ఒక స్నేహితురాలు. నాకెందుకో చెప్పడానికే వచ్చాను.

మీలో కొందరికి 2003 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లో, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పేది. లెక్కకెక్కినవాళ్ళు 329 మంది పిల్లలు. అందులో 183 మంది చనిపోయారు. చాలామంది ఆసుపత్రికి చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. మెదడువాపు అనగానే మనకు దోమలూ పందులూ గుర్తొస్తాయి. కానీ పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షించి, ఇది చాందీపురా వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్ళో మొదట దొరికిన వైరస్ ఇది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో పెరిగే ఇసుక ఈగ దీన్ని మోస్తుంది. దోమలో మూడో వంతుండే పురుగు. హైదరాబాదులోని పిల్లల డాక్టర్లు కొందరు ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ, పక్షవాతం లాంటిది అని కూడా వాదించారు. ఆ వాదన ఎలా ఉన్నా, మట్టిగోడలు ఎవరివో మనకు తెలుసు. 2024లో గుజరాత్‌లో ఇదే వైరస్ మళ్ళీ పిల్లల ప్రాణాలు తీసింది. ఇప్పటికీ దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలబెట్టడం, మెదడు మీద ఒత్తిడి తగ్గించడం, అంతే.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? మెదడు, వెన్నుపాము చుట్టూ పొరలుంటాయి. ఆ పొరల మధ్య తేటనీరు లాంటి ద్రవం ఉంటుంది. పొరలకు సోకితే మెనింజైటిస్, మెదడుకే సోకితే ఎన్‌సెఫలైటిస్. మన వాడుకలో రెండూ మెదడువాపే. కాలో చెయ్యో వాస్తే పైకి ఉబ్బుతుంది. పుర్రెలో ఉబ్బడానికి చోటు లేదు. వాచిన మెదడు తనను తానే నొక్కుకుంటుంది, రక్తం అందదు, చివరికి ఊపిరిని నడిపే భాగం కూడా నలిగిపోతుంది.

వైరస్ సంగతి చెప్పాను. బ్యాక్టీరియా వల్ల వచ్చేదానికి మందుంది, కానీ గంటల లెక్కన పడాలి. టీబీ వల్ల వచ్చేది వారాల తరబడి మెల్లగా కమ్ముతుంది. తలనొప్పి, సన్న జ్వరం, అన్నం సయించకపోవడం, తర్వాత వాంతులు, ఒకటి రెండుగా కనబడటం, పొంతన లేని మాటలు. మెదడు అడుగున జిగురులాంటి పదార్థం పేరుకుని నరాలనూ రక్తనాళాలనూ చుట్టేస్తుంది. నీరు పోయే దారి మూసుకుపోతుంది. స్పృహ ఉండగానే మందు మొదలైన మనిషికీ, స్పృహ తప్పాక మొదలైన మనిషికీ చాలా తేడా ఉంటుంది.

ఈ మెల్లగా వచ్చే జబ్బే ఆడవాళ్ళను ఎక్కువ మోసం చేస్తుందని నేననుకుంటాను. ఆడదాని తలనొప్పిని ఎవరు లెక్కపెడతారు? మా పెద్దమ్మ కూతురికి పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయింది. గని ఊరే, ఇది కాదు. మూడు వారాలు తలనొప్పి అన్నది. 'కొత్త కోడలు, పని తప్పించుకుంటున్నది' అన్నారు. తర్వాత పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే, గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయారు. అక్కడ దెబ్బలు కూడా పడ్డాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇలాంటప్పుడు వాడకట్టులో ఏ విధవరాలి మీదో బాణామతి నింద పడుతుంది. ఒక జబ్బును గుర్తుపట్టకపోతే ఇద్దరు ఆడవాళ్ళు బలి కావచ్చు.

ఆఖరికి దవాఖానలో డాక్టరు వెన్నులోంచి నీరు తీసి చూడాలన్నాడు. 'ఎన్నుల నీరు తీస్తే కాళ్ళు పడిపోతయ్, రేపు పిల్లలెట్ల పుడతరు' అని మామ ఒప్పుకోలేదు. భర్త నైట్ షిఫ్టులో ఉన్నాడు. ఒక రాత్రీ, ఒక పూటా అట్లా పోయాయి. అక్కకు మత్తుగా ఉన్నా తెలివుంది. మా పెద్దమ్మ పక్కనే ఉంది. వాళ్ళిద్దరినీ ఎవరూ అడగలేదు.

ఈ భయం ప్రతి బస్తీలోనూ ఉంది, కాబట్టి వివరంగా చెప్తాను. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికి కింద, మూడు నాలుగు పూసల మధ్య. పసిపిల్లల్లో వెన్నుపాము ఇంకొంచెం కిందిదాకా ఉంటుంది, కాబట్టి వాళ్ళకు ఇంకా కిందే గుచ్చుతారు. అక్కడ ఉండేది ద్రవంలో తేలే నరాల పోగులు. కాళ్ళు పడిపోవడానికి కారణం మామూలుగా జబ్బే, సూది కాదు. తర్వాత కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది. లోపల ఒత్తిడి మరీ ఎక్కువుందని అనుమానమొస్తే డాక్టర్లే ముందు స్కాను తీస్తారు. ఆ నీరు మబ్బుగా ఉందా తేటగా ఉందా, చక్కెర ఎంత, ఏ రకం కణాలున్నాయి అన్నదాన్ని బట్టే బ్యాక్టీరియానా, టీబీనా, వైరసా అని తెలిసేది. బ్యాక్టీరియా అనుమానముంటే మాత్రం పరీక్ష ఆలస్యమైనా మందు ఆలస్యం కాకూడదు.

ఇక సంతకం. తెలివిలో ఉన్న వయోజన స్త్రీ తన వైద్యానికి తనే సంతకం పెట్టాలి. మామా కాదు, మొగుడూ కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మత్తులో ఉన్న ఆమె తరఫున తల్లి ఇచ్చిన అనుమతితో డాక్టరు గర్భసంచి తీసేస్తే, ఆ అనుమతి చెల్లదన్నది. ప్రాణాపాయం ఉండి ఆగడానికి వీల్లేనప్పుడు ఎవరి అనుమతి లేకున్నా వైద్యం చేయొచ్చని కూడా అన్నది. పిల్లల విషయంలో 1999 నాటి గీతా హరిహరన్ తీర్పు ఉంది. తండ్రి దగ్గర లేనప్పుడో, పట్టించుకోనప్పుడో తల్లే సహజ సంరక్షకురాలు అన్నది ఆ తీర్పు. తండ్రి గనిలో దిగి ఉంటే బిడ్డ కోసం తల్లి సంతకం చెల్లుతుందని నర్సుకు చెప్పగలగాలి మనం. కోర్టు కాగితం చూపిస్తే వార్డులో అందరూ వింటారని నేననను. కానీ తెలిసి అడిగే మనిషి పక్కనుంటే తేడా ఉంటుంది, అది చూశాను.

టీకాల సంగతి మీకు తెలుసు గనుక క్లుప్తంగా. పుట్టగానే వేసే బీసీజీ పసిపిల్లలను టీబీ మెదడువాపు నుంచి చాలావరకు కాపాడుతుంది. పెంటావాలెంట్‌లో ఒకటీ, 2021 నాటికి దేశమంతా వచ్చిన న్యుమోనియా టీకా ఒకటీ బ్యాక్టీరియా మెదడువాపును తగ్గిస్తాయి. కాంట్రాక్టు పని వెంట ఊళ్ళు మారే కుటుంబాల పిల్లల కార్డులు చూడండి, తప్పిపోయేది అక్కడే.

మా అక్క బతికింది. ఏడాది పాటు మందులు మింగింది. చూపు చాలావరకు పోయింది. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉంటుంది, డెబ్భై దాటిన తల్లి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఆ రాత్రి ఏం గుర్తుందని ఒకసారి అడిగాను. సూది నొప్పి గుర్తు లేదట. బయట మామ మాట్లాడింది మాత్రం అంతా వినబడిందన్నది.

ఇలా బతికి బయటపడి, వినికిడో చూపో పోయి, ఫిట్స్‌తో ఇంట్లోనే ఉండిపోయిన వాళ్ళు మీ వాడల్లో, గూడేల్లో ఉంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వాళ్ళలో చాలామందికి సర్టిఫికెట్ వస్తుంది. వచ్చే సమావేశానికి ఒక్కొక్కరు మీ వాడలో అలాంటి వాళ్ళెవరు, జబ్బు వచ్చి ఎన్నాళ్ళకు దవాఖానకు పోయారు, సంతకం ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అన్నది రాసుకు రండి. పేర్లు వద్దు. కలిపి చూసుకుని, ఆ కాగితం పట్టుకుని మంచిర్యాల దవాఖానకు పోదాం.